మస్టరులో మీ పేరుందా?

పిడుగురాళ్ళ బట్టీల దగ్గర రాయి మోసే అన్నలారా, జిన్నింగు మిల్లుల్లో పత్తి ఎత్తే తమ్ముళ్ళారా, ఏసీ గిడ్డంగుల్లో మిరపకాయ తొడిమలు తీసే అక్కలారా, సిమెంటు బస్తాలు లోడెత్తే ముఠా పెద్దలారా!

ఈ కాగితంలో బఠాణీలు పొట్లం కట్టకముందే ఒక్కసారి చదవండి. చదువు రానివాళ్ళు పక్కనున్నవాళ్ళచేత చదివించుకోండి.

మా జట్టులో ఒకడికి జిన్నింగు మిషన్లో కుడిచేతి బొటనవేలు పోయింది. వయసు 30. జీతం నెలకు 12,000. మిల్లు యజమాని ఆస్పత్రికి వచ్చాడు. డజను కమలాకాయలు, కవరులో 10,000 మంచం మీద పెట్టి, "మనవాడివేగా, నేను చూసుకోనా?" అన్నాడు. వాడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఒక చేతికి కట్టు.

ఇప్పుడు చట్టం లెక్క వినండి. పనిలో గాయపడితే నష్టపరిహారం ఇవ్వాలని 1923 నుంచీ చట్టం ఉంది. జీతంలో 60 శాతం, అంటే 7,200. 30 ఏళ్ళ వయసుకి చట్టం పట్టికలో ఉన్న అంకె 207.98. ఈ రెండూ హెచ్చవేస్తే 14,97,456. మనిషి ఇక ఏ పనికీ లేకుండా పోతే ఇవ్వాల్సింది అది. బొటనవేలుకి అందులో 30 శాతం. అంటే 4,49,236 రూపాయలు. వాడికి అందింది కమలాకాయలు కాక పదివేలు.

ఇదే మిల్లులో ఇఎస్ఐ కట్టి ఉంటే, యజమాని ఒకేసారి ఇవ్వాల్సిన పని లేదు. వైద్యం ఇఎస్ఐదే. గాయం మానేదాకా జీతంలో 90 శాతం ఇఎస్ఐ ఇస్తుంది, ఆ తర్వాత పోయిన వేలు లెక్కన పింఛను వస్తుంది. 12,000 జీతగాడి దగ్గర అందుకు పట్టేది నెలకు 90 రూపాయలు, యజమాని వేయాల్సింది 390. అదీ కట్టలేదు. ఎందుకు కట్టలేదో చెబుతాం.

చట్టం పదిమంది దగ్గర ఒక గీత గీసింది, ఇరవైమంది దగ్గర ఇంకో గీత గీసింది. పదిమంది పనిచేస్తే ఇఎస్ఐ, గ్రాట్యుటీ. ఇరవైమంది పనిచేస్తే పీఎఫ్. అందుకే లోపల పాతికమంది చెమటోడుస్తున్నా, కొన్నిచోట్ల మస్టరులో ఎప్పుడూ తొమ్మిదిమందే ఉంటారు. ఆ తొమ్మిదిలో గుమస్తా బావమరిది కూడా ఒకడు! మిగతావాళ్ళెవరంటే 'మేస్త్రీ మనుషులు' అంటారు. కంట్రాక్టరు తెచ్చిన మనిషైనా పీఎఫ్, ఇఎస్ఐ లెక్కలోకి వస్తాడు. కంట్రాక్టరు కట్టకపోతే కట్టాల్సింది అసలు యజమానే.

మా వాడు అర్జీ పట్టుకుని లేబరాఫీసుకి వెళ్తే అక్కడ అడిగిన మొదటి మాట: "నువ్వక్కడ పనిచేసినట్టు ఏముంది?" ఏమీ లేదు. అపాయింట్‌మెంటు కాగితం లేదు, జీతం చీటీ లేదు, మస్టరులో పేరు లేదు. వేలు ఉన్నచోట ఖాళీ ఉంది గానీ ఆ వేలు ఎవరి మిషన్లో పోయిందో అది చెప్పదుగా!

చివరికి వాళ్ళావిడ ఫోనులో దొరికింది, దసరాకి ఆయుధపూజ నాడు తీసిన ఫొటో. మిషనుకి పసుపు కుంకుమ, ముందు గుమ్మడికాయ, పక్కనే యజమాని, వెనక మా వాడు. దానికి తోడు వారంవారం ఫోన్‌పేలో పడిన డబ్బుల మెసేజీలు. కేసు ఇంకా నడుస్తోంది. ఆ ఫొటో లేకపోతే మొదలే అయ్యేది కాదు.

2025 నవంబరు 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్లు వచ్చాయి. వాటితో మాకు పేచీ ఉంది. మూడువందల మందిలోపు ఉన్న ఫ్యాక్టరీలో ప్రభుత్వం అనుమతి లేకుండానే మనుషుల్ని తీసేయొచ్చట. పాత కేంద్ర చట్టంలో హద్దు వందే. మన రాష్ట్రమూ అదే ఏడాది రోజుకి పదిగంటలు చేయించుకోవచ్చంది. వారానికి 48 గంటల హద్దు మాత్రం దాటకూడదు, దాటితే గంటకి రెట్టింపు కూలి. ఈ పేచీ రోడ్డు మీద తేల్చుకుందాం. ఈలోగా ఆ కోడ్లలోనే మనకు పనికొచ్చే మాటలున్నాయి, వాటిని వదలొద్దు. పనిలో పెట్టుకున్న ప్రతివాళ్ళకీ అపాయింట్‌మెంటు కాగితం ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో బాకీ జీతం చేతిలో పెట్టాలి. జీతం ఇవ్వలేదని మీరు ఫిర్యాదు చేస్తే, ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. మీరు అతని దగ్గర పనిచేశారని మాత్రం మీరు చూపించాలి. మళ్ళీ అక్కడికే వచ్చాం, కాగితం దగ్గరికి.

సీజను పనివాళ్ళకి గ్రాట్యుటీ ఎక్కడిదంటారు మిల్లులోళ్ళు. ఉంది. ఏడాది పొడుగునా చేసేవాళ్ళకి సంవత్సరానికి 15 రోజుల జీతం, సీజను వాళ్ళకి సీజనుకి 7 రోజులది. 13,000 జీతం మీద అది సీజనుకి 3,500. పది సీజన్లు చేసి మానేస్తే 35,000. ఎవరికైనా ఇచ్చారా? చేతులెత్తండి చూద్దాం.

అడ్వాన్సు మాట. బాకీ తీరేదాకా బట్టీ వదిలి కదలొద్దని ఆపితే అది వెట్టి, 1976 చట్టం కింద నేరం. ఆ బాకీ చెల్లదు. గురజాల ఆర్డీవోకి గానీ నరసరావుపేట ఆర్డీవోకి గానీ చెప్పుకోండి. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పనిచేయించుకోవడం కూడా వెట్టేనని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది.

మిరపకోతకి వెళ్ళే అక్కలకి పీఎఫ్ లేదు, ఇఎస్ఐ లేదు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలంలో కోత నుంచి ఇంటికి వస్తున్న ట్రాక్టరు బోల్తాపడి నలుగురు ఆడకూలీలు చచ్చిపోయారు. మీకు కనీస వేతనం ఉంది. మగాడితో సమానమైన పనికి సమానమైన కూలి ఉంది. ట్రాక్టరు ఎక్కేముందు నంబరు ఫొటో తీసి ఇంట్లోవాళ్ళకి పంపండి. ఇది చట్టం కాదు, మా మాట.

మన పల్నాట్లో కన్నెగంటి హనుమంతు పశువుల మేతకి వేసిన పుల్లరి పన్ను కట్టనన్నాడు, 1922లో తుపాకీ గుళ్ళకి పోయాడు. ఆయన ఇవ్వనన్నాడు. మనం అడిగేది మన డబ్బు మనకిమ్మనే. దానికి కూడా నోరు రాకపోతే ఎట్లా?

ఈ రాత్రే అరవై పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. తారీఖు, ఎన్నింటికి వెళ్ళారు, ఎన్నింటికి వచ్చారు, ఏం పని, ఎంతిచ్చారు, పక్కన ఎవరున్నారు, ఇవి రోజూ రాయండి. గేటు పాసు, లోడు చీటీ, ఫోనుకొచ్చిన మెసేజీ, ఏదీ పారేయొద్దు. పీఎఫ్ కోస్తున్నారంటే పన్నెండంకెల నంబరు అడిగి, ఫోనులో పాసుబుక్కు తెరిచి డబ్బు పడిందో లేదో చూసుకోండి.

వచ్చే సోమవారం నరసరావుపేట కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. పొద్దున తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉంటాం. మాచర్ల, దాచేపల్లి వాళ్ళు మొదటి బస్సెక్కండి. ఆధారు జిరాక్సు, ఉన్న చీటీలు, ఫొటోలు తెచ్చుకోండి. అర్జీలో అడిగేది ఒకటే: మీ బట్టీకి, మీ మిల్లుకి వచ్చి మస్టరు ముందు పెట్టుకుని తలలు లెక్కపెట్టమనండి. రాయడం రానివాళ్ళు ఆదివారం సాయంత్రమే పిల్లలచేత రాయించుకోండి, సోమవారం వాళ్ళని బడి మాన్పించొద్దు.

ఇట్లు,
మస్టరులో పేరు లేని మీ తోటి పనివాళ్ళు