మొదటి కుట్టు మిషను

“చీటీ డబ్బు చేతికొచ్చింది. కుట్టు మిషను కొనుక్కోవాలని వుంది. నాకు కుట్టు బొత్తిగా రాదు. దుకాణంలో పువ్వులూ లతలూ కుట్టే కరెంటు మిషను చూపించి ఆశపెట్టారు. మా అత్తగారి తొక్కుడు మిషను వెనక గదిలో తుప్పుపట్టి వుంది. ‘రెండు రోజుల సరదా! కొత్తదీ వెళ్ళి దాని పక్కనే చేరుతుంది’ అని మావారి వేళాకోళం. ఏది కొనమంటారు?” అని ఒక సోదరి రాశారు.

మీవారి మాటలో కొంత నిజం లేకపోలేదమ్మా. నా మొదటి మిషనూ అలాగే మూలపడింది. లతలు కుడుతుందని మోజుపడి కొన్నాను. ఏడాది తిరక్కుండా లోపల ఏదో విరిగింది. మా వూళ్ళో దాన్ని విప్పేవాళ్ళు లేరు. పట్నం పంపితే నెల్లాళ్ళు పట్టింది. ఈలోగా నా సరదా చల్లారింది. తీరా చూస్తే, ఆ ఏడాదీ నేను కుట్టినది తిన్నని కుట్టు ఒక్కటే!

అందుచేత మిషను చూసేముందు, మీరు ఏం కుడతారో చూసుకోండి. దిండు గలీబులు, లోపలి లంగాలు, పిల్లల గౌన్లు, జాకెట్లు – వీటన్నిటికీ కావలసింది తిన్నని కుట్టే. చీరెలకు పీకో చెయ్యాలన్నా, బట్ట అంచులు పోగులూడకుండా కుట్టాలన్నా మాత్రం వంకర కుట్టు వేసే మిషను కావాలి. అది రెండో మెట్టు.

చేతిమిషను నెమ్మదిగా నడుస్తుంది గనుక భయం వుండదు. కాని ఒక చెయ్యి చక్రానికే పోతుంది. బట్టను నడపడానికి రెండోదొక్కటే మిగులుతుంది. తొక్కుడు మిషనుకు రెండు చేతులూ ఖాళీ. కరెంటు పోయినా పని ఆగదు. చెయ్యి తిరిగాక చిన్న మోటారు బిగించుకోవచ్చు. చోటు మాత్రం కావాలి. తేలికపాటి కరెంటు మిషను బీరువాలో ఇమిడిపోతుంది. అది కొంటే, వేగం తగ్గించే మీట వున్నదే కొనండి. లేకపోతే కాలు పెట్టీపెట్టగానే అది పరుగెత్తుతుంది, వెనకాల మీరూ!

సింగర్ దొర అమెరికాలో తన మిషనుకు పేటెంటు పొందింది 1851లో. మన దేశంలో 1930లలో కలకత్తాలో ఉషా మిషన్లు తయారుకావడం మొదలైంది. లూధియానా కూడా ఈ పనికి పేరుపడింది. ఆ నల్లటి ఇనుప మిషన్ల కట్టుబడి దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. అందుకే వాటి బాబిన్లు, షటిళ్ళు, బెల్టులు చిన్న వూళ్ళలోనూ దొరుకుతాయి, బాగుచేసేవాళ్ళూ వుంటారు. కొత్తగా నేర్చుకునేవారికి పది రకాల కుట్లకన్న ఇదే పెద్ద సదుపాయం.

కాబట్టి చీటీ డబ్బు కదపకముందు, మిషన్లు బాగుచేసే మనిషిని పిలిచి అత్తగారి మిషను చూపించండి. పైతుప్పు, గడ్డకట్టిన పాతనూనె, తెగిన బెల్టు – ఇవి సామాన్యంగా బాగయ్యే జబ్బులే. ఇనుప భాగం పగిలినా, లోపలి ఇరుసులు బాగా అరిగి వదులైనా ఆశ వదులుకోండి.

అప్పుడు దుకాణానికి వెళ్ళండి. మీ గుడ్డ ముక్కలు మీరే పట్టుకెళ్ళండి. పల్చని వాయిలు ఒకటి, మామూలు నూలుగుడ్డ ఒకటి, నాలుగు మడతలు వేసిన ముతక గుడ్డ ఒకటి. మూడింటిమీదా కుట్టించి, రెండువైపులా తిప్పి చూడండి. కుట్టు రెండువైపులా ఒకేలా వుండాలి. మడతల దగ్గర మిషను మొరాయించకూడదు. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, బాగుచేసే మనిషి ఇంటికి వస్తాడా – ఇవి బేరానికి ముందే అడగండి.

ఇంటికి తెచ్చాక వెంటనే జాకెట్టు జోలికి పోకండి. దారం ఎక్కించకుండా, గీతల కాగితంమీద గీతవెంట నడపండి. చక్రం మీవైపే తిరగాలి. వెనక్కు తిరిగితే, దారం ఎక్కించిన తర్వాత చిక్కులు పడుతుంది. కింద దారం ఉండలు కడితే మిషన్ని తిట్టకండి. చాలాసార్లు తప్పు పైదారం ఎక్కించడంలోనే వుంటుంది. మొదటినుంచీ మళ్ళీ ఎక్కించండి. సూది మొద్దుబారితే మార్చెయ్యండి. అప్పుడప్పుడు పళ్ళ సందుల్లో దూది దులిపి, మిషను నూనె చుక్కలు వెయ్యండి. వంటనూనె మాత్రం వద్దు. కరెంటు మిషనైతే, నూనె సంగతి దానితో ఇచ్చిన పుస్తకంలో చూసి చెయ్యండి.

ఇంకో మాట. మిషను బాగైతే అత్తగారిని పక్కన కూర్చోమనండి. ఒకప్పుడు దానిమీద ఆవిడ చెయ్యి ఆడే వుంటుంది. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరేమో! మీకు గురువు దొరుకుతుంది, ఆవిడకు పాత నేస్తం తిరిగి వస్తుంది.

మొదటి దిండు గలీబు కొంచెం వంకరగా వచ్చినా ఫరవాలేదు. దాన్ని మీవారి దిండుకే తొడగండి. వేళాకోళం చేసినవారికి ఆమాత్రం బహుమానం వుండాలిగా!