చెవి కంటె ముందు కుర్చీ వింటుంది

ఇంట్లో హోమ్ థియేటర్ అమర్చుకున్న ప్రతివారికీ మొదటి రోజునే ఒక ప్రశ్న పుడుతుంది. ఇంత సొమ్ము పోసి కొన్న సబ్‌వూఫర్ పనితనం తెలియాలంటే ఏ సినిమా వేసి చూడాలి? నేను ఇంజనీరును కాను. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని, అనువాదాలు చేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. అయినా అటువంటి పెట్టె ఒకటి మా ఇంట్లోనూ చేరింది. దానితోబాటు ఒక చిక్కూ వచ్చిపడింది. ఆ చిక్కు విప్పుకోవడంలో తెలిసిన సంగతులు పాఠకులకు పనికిరావచ్చునని ఈ నెల ఈ పుటను దానికే కేటాయిస్తున్నాను.

పెట్టెను బిగించడానికి దుకాణం నుంచి వచ్చిన కుర్రవాడు తన వెంట తెచ్చుకున్న సినిమా వేశాడు. స్పీల్‌బర్గ్ తీసిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (2005). నాలుగు వీధుల కూడలిలో నేల చీలి, పాతాళం నుంచి గ్రహాంతరయంత్రం పైకి లేచే ఘట్టం. కిటికీ అద్దాలు దడదడలాడాయి. అలమరలోని స్టీలు గ్లాసులు ఒకదానినొకటి పలకరించుకున్నాయి. లోపలి గదిలో నిద్రపోతున్న మా నాన్నగారు గోడ పట్టుకుని బయటికి వచ్చి, “ఏమిట్రా, భూకంపమా?” అన్నారు. ఆయనకు ఎనభై దాటాయి. చెవులు మందగించి చాలాకాలమైంది. పేరుపెట్టి పిలిస్తే పలకని మనిషి, ఈ చప్పుడుకు మాత్రం లేచి వచ్చారు. కుర్రవాడు దాన్ని తన పెట్టెకు యోగ్యతాపత్రంగా భావించి సంతోషించాడు.

సంగీతజ్ఞులు మంద్ర, మధ్య, తార అని మూడు స్థాయులు చెబుతారు. సబ్‌వూఫర్ రాజ్యం మంద్రానికి కూడా అడుగున ఉంటుంది. సెకనుకు 20 మొదలు 120 దాకా కంపనాలు, అంటే 20 నుంచి 120 హెర్ట్జ్. గాలిలో 20 హెర్ట్జ్ ధ్వనితరంగం పొడవు సుమారు 17 మీటర్లు. మధ్యతరగతి ఇళ్లలో ఏ హాలూ అంత పొడుగుండదు. పైగా అంత లోతైన ధ్వని విషయంలో మన చెవి మహా మొద్దు. దాని బలం 70 డెసిబెల్లు పైబడితేగాని అది ఉన్నట్టే తెలియదు. బలం ఇంకా పెరిగితే నేల, కుర్చీ, మన రొమ్ము కూడా దాన్ని అందుకుంటాయి. ఒక స్థాయి కిందికి దిగి అంతే బలంగా పలకాలంటే పెట్టె నాలుగింతల గాలిని కదపాలి. ఈ పెట్టెలు అంతంత బరువుగా, అంతంత ధరతో ఉండడానికి కారణం ఇదే.

ఈ ధ్వనిని సినిమావారు మొట్టమొదట పెద్దయెత్తున అమ్మకానికి పెట్టింది 1974 నవంబరులో. లాస్ ఏంజెలిస్ నగరం భూకంపంలో కూలిపోయే కథతో యూనివర్సల్ సంస్థ ‘ఎర్త్‌క్వేక్’ తీసి, ‘సెన్‌సరౌండ్’ అనే కొత్త ఏర్పాటుతో విడుదల చేసింది. అప్పటి ఫిల్ముపై ఉండే ధ్వనిరేఖకు అంతటి మంద్రాన్ని మోసే శక్తి లేదు. అందుచేత ఫిల్ముపై సంకేతాలు మాత్రమే ఉంచారు. ఆ సంకేతం అందగానే హాలులోని వేరొక యంత్రం గర్జన పుట్టించేది. బీరువాలంతటి పెట్టెలు దాన్ని ప్రేక్షకుల మీదికి తోసేవి. హాలీవుడ్‌లోని ప్రసిద్ధమైన చైనీస్ థియేటర్‌లో పైకప్పు గచ్చు పెచ్చులు రాలి జనం నెత్తిన పడకుండా కింద వల కట్టారు. ఆ చిత్రానికి ఉత్తమ ధ్వనికి ఆస్కారు లభించింది. తరువాత ‘మిడ్‌వే’ (1976), ‘రోలర్‌కోస్టర్’ (1977) అదే బాట పట్టాయి. కాని ఒకే కప్పు కింద రెండు మూడు హాళ్లున్న చోట, పక్క హాలులో మరో సినిమాకు టిక్కెట్టు కొన్నవాడికి ఈ భూకంపం ఉచితంగా దక్కేది. ఆ గొడవా, పెట్టెల ఖర్చూ కలిసి నాలుగైదేళ్లలోనే దాన్ని మూలకు చేర్చాయి. ‘స్టార్ వార్స్’ (1977) నాటికి 70 మి.మీ. ప్రింటుపైనే మంద్రధ్వనికి ప్రత్యేకమైన చోటు దొరికింది. 1992 నుంచి డిజిటల్ ధ్వనిలో దానికంటూ ఒక దారి స్థిరపడింది. పెట్టెల మీద ‘5.1’ అని రాసి ఉంటుందే, అందులో ఆ చివరి 1 ఇదే.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ‘జురాసిక్ పార్క్’ (1993). రాత్రి, వాన, ఆగిపోయిన కారు. కారులోని గ్లాసు నీళ్లలో చిన్న వలయం. దూరాన ఒక అడుగు చప్పుడు. నిశ్శబ్దం. మళ్లీ వలయం. ధ్వనిశిల్పి గారీ రైడ్‌స్ట్రోమ్ ఆ అడుగులను మహావృక్షాలు నేలకూలే చప్పుడుతో తయారుచేశాడు. గ్లాసు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. కారులో పాట పెద్దగా పెట్టుకున్నప్పుడు అద్దం వణకడం చూసి స్పీల్‌బర్గ్‌కు ఆ ఊహ వచ్చిందట. తీరా చిత్రీకరణలో ఎంత ప్రయత్నించినా నీళ్లలో అంత చక్కని వలయం పడలేదు. చివరికి గ్లాసు కింద గిటారు తీగ కట్టి మీటారు! మంద్రధ్వనికి తెరపై సాక్ష్యం చెప్పినది ఒక సన్నని తీగ. ఆ ఘట్టమంతటిలో పెట్టె పలికేది నాలుగైదు అడుగులే. మంచి పెట్టె ప్రతి అడుగు తరువాతా ఠక్కున ఊరుకుంటుంది. నాసిరకంది గుయ్యిమంటూ మూలుగుతూనే ఉంటుంది.

పీటర్ వైర్ తీసిన ‘మాస్టర్ అండ్ కమాండర్’ (2003)లో మంచులోంచి ఫ్రెంచి నౌక ఫిరంగులు పేలే మొదటి ఘట్టమూ ఇటువంటిదే. ముందు మెరుపు కనబడుతుంది, ఆ తరువాతే దెబ్బ. నిజమైన ఫిరంగులను పేల్చి ఆ ధ్వనులు నమోదు చేశారు. పిల్లలున్న ఇంట్లో ‘ఫైండింగ్ నీమో’ (2003) చాలు. చిన్నపిల్ల చేపలతొట్టి అద్దంపై వేలితో కొట్టినప్పుడు, తొట్టిలోని చేపకు అది ఎంత పిడుగుపాటో మనకూ తెలుస్తుంది. ‘ఇంటర్‌స్టెల్లార్’ (2014)ను మాత్రం పరీక్షకు సిఫారసు చేయలేను. రాకెట్టు గర్జనలో, వాద్యఘోషలో మాటలు మునిగిపోతాయి. కావాలనే అలా చేశానని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ చెప్పుకున్నాడు. ఒక్కొక్క సంభాషణకు సరిపడే తెలుగుమాట కోసం పూటలు గడిపే నాబోటివాడికి ఆ వాదన మింగుడుపడదు.

ఇక మా ఇంటి చిక్కు. కొన్నేళ్లుగా నేనూ నాన్నగారూ రాత్రిపూట కలిసి ఇంగ్లీషు సినిమాలు చూస్తున్నాం. మాట అందనప్పుడు ఆయన “ఏమన్నాడ్రా?” అని అడుగుతారు, నేను తెలుగులో చెబుతాను. జీతంలేని ఈ అనువాదమే నాకు ఎక్కువ ఇష్టం. కొత్త పెట్టె వచ్చిన రాత్రి ఆయన పదిహేను నిమిషాల్లో పదకొండుసార్లు అడిగారు. ఆ తరువాత అడగడం మానేశారు. మర్నాడు భోజనం కాగానే నిద్ర వస్తోందని గదిలోకి వెళ్లిపోయారు. ఆ మర్నాడూ అంతే.

వయసుతో వచ్చే చెవుడు ముందు తారస్థాయిని తినేస్తుంది. మంద్రాన్ని చాలాకాలం విడిచిపెడుతుంది. అచ్చుల గాత్రం కింది స్థాయుల్లో ఉంటుంది. శషసలూ, క చ ట త ప అనే పరుషాలూ చాలావరకు 2,000 హెర్ట్జ్‌కు పైన పలుకుతాయి. అందుకే నాన్నగారికి “సంచి ఎక్కడ?” అంటే “కంచి ఎందుకు?” అని వినబడుతుంది. బలమైన మంద్రధ్వని తనకంటె పైనున్న మెత్తని ధ్వనులను కప్పివేస్తుంది కూడా. అంటే నేను ఆయనకు మిగిలి ఉన్న వినికిడిని చప్పుడుతో నింపి, అసలే అరకొరగా అందుతున్న హల్లులను ముంచేశానన్నమాట.

తప్పు పెట్టెది మాత్రమే కాదు, గదిది కూడా. మా హాలు పొడవు అయిదు మీటర్లు. అటువంటి గదిలో 34 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడల మధ్య నిలిచిపోతుంది. గోడల దగ్గర బలంగానూ, నట్టనడుమ పలచగానూ ఉంటుంది. నా సోఫా సరిగ్గా మధ్యలో ఉంది. నాన్నగారి పడకకుర్చీ గోడవారగా ఉంది. నాకు చాలడం లేదని నేను పెంచుకుంటూ పోయినదంతా ఆయన వీపున పడింది.

దీనికి ఒక పాత చిట్కా ఉంది. మనిషి కూర్చునే చోట పెట్టెను పెట్టి, పెట్టెను ఉంచదలచిన చోట్లలో మనం మోకాళ్లమీద పాకుతూ వినాలి. ఎక్కడ ధ్వని సమంగా, మూలుగు లేకుండా వినబడితే అక్కడే పెట్టెకు స్థానం. నలభై దాటిన మగవాడు హాలంతా పాకుతుంటే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, ఏం పోయిందని అడిగింది. పాకి తెలుసుకున్న ఫలితంగా పెట్టె మూలనుంచి తలుపు పక్కకు, పడకకుర్చీ గోడనుంచి మూడడుగులు ముందుకు జరిగాయి. 80 హెర్ట్జ్ పైనున్న ధ్వనులు సబ్‌వూఫర్‌కు వెళ్లకుండా హద్దు పెట్టాను. మాటలు పలికే మధ్య స్పీకరును కొంచెం పెంచాను. రాత్రిపూట పెద్దచప్పుళ్లను అణచే ఏర్పాటు రిసీవర్‌లోనే ఉంది, అదీ నొక్కాను.

ఆ ఆదివారం ‘మాస్టర్ అండ్ కమాండర్’ వేశాను. మంచులో మెరుపు మెరిసింది. దెబ్బ పడేటప్పటికి నాన్నగారి అరచేయి కుర్చీ చేతిమీద పరచి ఉంది. “ఫిరంగి” అన్నారు, తనలో తాను. మొదటి గంటలో “ఏమన్నాడ్రా?” అని నాలుగుసార్లే అడిగారు. అందులో ఒకటి నాకూ వినబడలేదు. వెనక్కి తిప్పి ఇద్దరం మళ్లీ విన్నాం.