పికప్ బండికి ఎత్తు కాదు, పట్టు కావలెను

వానకాలమున నల్లరేగడి డొంకలలో పికప్ బండి దిగబడుచున్నదని కొందరు దాని ఎత్తు పెంచి, పెద్ద చక్రములు వేయించుచున్నారు. ఇది మేలు కాదని నా అభిప్రాయము. ఎత్తు పెరిగినకొలది బరువు పైకి చేరి, గట్టు వాలున బండి సులభముగా బోల్తాపడును. సరకు బండిలో కూలీలను ఎక్కించుటయే తప్పు. ఇట్టి బండిలో ఎక్కించినచో వారి ప్రాణములకే ముప్పు. పైగా 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఇట్టి మార్పులను నిషేధించుచున్నది.

అరిగిన టైర్లు తీసి, అదే కొలతలో లోతైన గాట్లున్నవి వేయించుడు. దిగబడినచో సరకు దింపి, టైర్ల గాలి కొంత తగ్గించి, నెమ్మదిగా బయటపడుడు. రోడ్డెక్కక ముందే మరల గాలి నింపుడు. గ్రామాధికారులు డొంకల ప్రక్క మురుగు కాలువలు తీయించి గ్రావెల్ పోయించినచో, బండిని మార్చు అవసరమే అంతగా ఉండదు.