గ్రంథములు యజమానులవా, కౌలుదారులవా?

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువమీద పడవ గ్రంథాలయమును నడపినపుడు, పాఠకుని వెదకికొని గ్రంథమే పోవలెనను ధర్మము మన దేశమున వేళ్లూనినది. ఒక గ్రంథాలయము వేఱొక గ్రంథాలయమునకు పుస్తకము నెరువిచ్చుట యా ధర్మముయొక్క విస్తరణమే. 1988లో ఢిల్లీయందు నెలకొన్న డెల్‌నెట్ సంస్థ యీ వినిమయమును పెంపొందించినది. నేడు పుస్తకము తపాలాలో పోవుటకంటె, వ్యాసప్రతి యంతర్జాలమున నిమిషములో చేరుటయే సులభము.

ఇందలి సౌకర్యమును మేము కాదనము. కాని న్యాయవాదులమగు మాకొక చిక్కు కనుపించుచున్నది. కాగితపు పుస్తకమును కొన్న గ్రంథాలయము దానికి యజమాని, ఎవరికైనను ఎరువీయవచ్చును. ఎలక్ట్రానిక్ పుస్తకము విషయమున నది తఱచుగా కౌలుదారు మాత్రమే. ఎరువు కూడదని లైసెన్సులో వ్రాసియున్నచో పొరుగు గ్రంథాలయమువారు తలుపు తట్టియు ప్రయోజనము లేదు. గడువు దీరెనా, బీరువా శూన్యము! కౌలు షరతులు చదువకయే వ్రాలుచేయు రైతును మనము మందలింతుము, గ్రంథాలయాధికారుల నేమనవలెను?

2025 జనవరి 1 నుండి 'ఒకే దేశము, ఒకే చందా' పథకము నడచుచున్నది. మూడేండ్లకు కేంద్రప్రభుత్వము 6,000 కోట్ల రూపాయలు కేటాయించినది. 30 ప్రచురణసంస్థల సుమారు 13,000 పరిశోధనపత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకును, కేంద్ర పరిశోధనాలయములకును లభించుచున్నవి. సంతోషమే. కాని ధనము ప్రజలది గదా! జిల్లా కేంద్ర గ్రంథాలయమున కూర్చుండి చదువుకొను రైతుబిడ్డకు, ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయునకు అందు వాటా యేది? కాలువ కళాశాల గుమ్మమువద్దనే ఆగిపోవలెనా?

తెలుగు గ్రంథముల సంగతి మఱింత శోచనీయము. వేటపాలెము సారస్వత నికేతనమునందలి పాతపత్రికలలో అంతర్జాలమున కెక్కని యొక సంచిక కావలసిన ఆదిలాబాదు విద్యార్థి రైలెక్కవలసినదేనా? 1957 నాటి గ్రంథస్వామ్య శాసనము 52వ సెక్షను ప్రకారము, దేశమున విక్రయమునకు దొరకని పుస్తకమును, లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయము తన యుపయోగార్థము మూడు ప్రతులకు మించకుండ తీయించుకొనవచ్చును. రచయిత గతించి అఱువదేండ్లు దాటిన గ్రంథములకు ఆ పరిమితియు సామాన్యముగ నుండదు. శాసనము తెఱచి యుంచిన ద్వారమును మనవారే మూసికొని కూర్చుండుట వింత.

ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయపన్నును ప్రజలు చెల్లించుచున్నారు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వము లందుండి కొంత సొమ్ము తీసి, ముందుగా రెండు రాష్ట్రముల గ్రంథములకు ఉమ్మడి పట్టిక వేయింపవలెను. గ్రామ గ్రంథాలయమునకు పోవు పుస్తకపు తపాలా ఖర్చును భరింపవలెను. తదుపరి చందా పథకమునకు ఒడంబడిక వ్రాయునపుడు ప్రజాగ్రంథాలయములపేరును అందు చేర్పవలెనని మన పార్లమెంటు సభ్యులను కోరుచున్నాము.