సెల్‌ఫోన్‌లో బస్తర్ గొంతు

బస్తర్ పేరు పత్రికలకెక్కేది చాలావరకు ఎదురుకాల్పుల మృతుల లెక్కతోనే. అక్కడి సామాన్యుని అభిప్రాయానికి దక్కే చోటు స్వల్పం. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో ప్రారంభించిన ‘సీజీనెట్ స్వర’ ఈ లోటును కొంత పూడ్చింది. చదువు రానివారు సైతం సెల్‌ఫోన్‌లో తమ మాట రికార్డు చేస్తే, పరిశీలన అనంతరం ఇతరులు దానిని ఫోన్‌లోనే వినవచ్చు. రేషను, ఉపాధి కూలి బకాయిలు, పాడైన చేతిపంపులు... ఫిర్యాదులు గోండీలోనూ వచ్చాయి. సంబంధిత అధికారి ఫోన్ నెంబరు చెప్పి, ఆయననే అడగవలసిందిగా శ్రోతలను కోరేవారు. ఏ సంపాదకీయానికీ లేని పదును ఇది!

2014లో ‘ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్’ అవార్డు పోటీలో, అమెరికా నిఘా గుట్టు విప్పిన స్నోడెన్‌ను కాదని చౌదరినే ఎంపిక చేయడం విశేషం. కాగా, 2011 జనాభా లెక్కల ప్రకారం 29 లక్షల మందికి పైగా మాట్లాడే గోండీకి రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో నేటికీ చోటు లేదు.