కంప్యూటరును తొందరపెట్టే ముందు

ప్రవాస తెలుగు కుటుంబాలలో పిల్లలు పదునాలుగు, పదిహేనేళ్ళ ప్రాయానికి రాగానే డెస్క్‌టాప్ కంప్యూటరును స్వయంగా కూర్చుకోవాలని ఉబలాటపడటం కద్దు. ఆ ముచ్చట తీరిన కొద్దికాలానికే మరొక కోరిక పుడుతుంది: ప్రాసెసరును తయారీదారు నిర్ణయించిన దానికన్న ఎక్కువ వేగంతో నడిపించాలని. దీనినే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఆ మాట వినగానే యంత్రం కాలిపోతుందని భయపడి వద్దనే తల్లిదండ్రులు కొందరు. అదేమిటో తెలియకనే సరేననేవారు కొందరు. ఈ రెండు పద్ధతులూ సరైనవి కావు. పిల్లలను అనుమతించవలసినదే, కాని ముందు కొలవడం నేర్పి, ఆ తరువాత పెంచనివ్వాలి.

ప్రాసెసరులోని వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఒక గడియార స్పందనకు లోబడి, నర్తకి తాళానికి అడుగు వేసినట్లు పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 500 కోట్ల స్పందనలు. తాళం వేగం హెచ్చినకొద్దీ ప్రతి సంకేతం గమ్యం చేరడానికి ఉన్న వ్యవధి తగ్గుతుంది. ఆ లోటును పూడ్చడానికి వోల్టేజి పెంచవలసి వస్తుంది. చిక్కంతా అక్కడే ఉన్నది. ప్రాసెసరు వాడుకొనే విద్యుత్తులో ప్రధాన భాగం గడియార వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమంగా పెరుగుతుంది. రెండింటినీ 10 శాతం చొప్పున పెంచితే వేడి ఇంచుమించు 33 శాతం హెచ్చుతుంది.

ఒకప్పుడు ఈ బేరం లాభసాటిగానే ఉండేది. 1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ ప్రాసెసరు 66 మెగాహెర్ట్జ్ బస్సుకు నాలుగున్నర రెట్ల వేగంతో, అంటే 300 మెగాహెర్ట్జ్ వద్ద నడిచేది. బస్సును 100కు మార్చగానే అదే చిప్పు 450కి చేరి, తనకన్న ఎన్నో రెట్లు ఖరీదైన పెంటియం 2తో పోటీపడేది. నేటి యువకులను ఊరించేవి ఆనాటి కథలే. కాని 2008లో వచ్చిన టర్బో బూస్ట్ మొదలుకొని ప్రాసెసర్లు వేడినీ, విద్యుత్తునూ గమనించుకొంటూ తమంత తామే వేగం పెంచుకొంటున్నాయి. కొత్తగా చేయి పెట్టేవారికి మిగిలేది సాధారణంగా కొద్ది శాతమే.

ఇక అపాయం మాట. ఆధునిక ప్రాసెసరు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే తానే వేగం తగ్గించుకొంటుంది. ఇంకా మించితే ఆగిపోతుంది. కనుక మంటల భయం కన్న, చప్పుడు లేకుండా జరిగే పొరపాటును గురించిన భయమే ఎక్కువ సమంజసం. హద్దు దాటిన యంత్రం పైకి చక్కగా నడుస్తున్నట్లే కనిపిస్తూ, ఎప్పుడో ఒక లెక్క తప్పుతుంది. ఆ క్షణంలో తాతగారి షష్టిపూర్తి ఛాయాచిత్రాలను భద్రపరుస్తూ ఉంటే అవి చెడిపోవచ్చును. ఆ సంగతి నెలల తరువాత తెరిచి చూసినప్పుడు గాని తెలియదు. అధిక వోల్టేజి చేసే చెరుపు తయారీదారులకు సైతం తప్పలేదు. తన 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అస్థిరం కావడానికి అదే కారణమని 2024లో ఇంటెల్ ప్రకటించి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది.

అందువలన క్రమం ముఖ్యం. మొదట ఇంటి ఫోటోలూ, పత్రాలూ వేరొక డిస్కులో భద్రపరచాలి. ఆ తరువాత ఏ మార్పూ చేయకముందే యంత్రం వేగాన్నీ, పూర్తి పనిభారంలో దాని ఉష్ణోగ్రతనూ కొలిచి ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. బయోస్‌లో వేగాన్ని 100 మెగాహెర్ట్జ్ చొప్పున మాత్రమే పెంచాలి. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, ప్రైమ్95 వంటి పరీక్షను గంటకు తక్కువ కాకుండా నడపాలి. వోల్టేజిని చిట్టచివర, అతి స్వల్పంగా, తయారీదారు చెప్పిన హద్దుకు లోబడి ముట్టుకోవాలి. యంత్రం ఎక్కడ తడబడుతుందో అక్కడి నుండి రెండు మెట్లు దిగి నిలవాలి. ల్యాప్‌టాప్ జోలికి పోరాదు. దానిలో వేడి పోయే దారి తక్కువ. వారంటీ షరతులు ముందే చదవాలి.

ఇంత శ్రమకు ఫలితం కొద్ది శాతమేనా అని అడగవచ్చు. వేగమే కావలసినవారికి ఆ ప్రశ్న న్యాయమే. వారు ఆ ధనంతో మరికొంత మెమరీ కొనుక్కోవడం మేలు. కాని ఒక మార్పు చేసి, ఫలితాన్ని కొలిచి, వ్రాసుకొని, తప్పితే వెనక్కు రావడం ఏ ప్రయోగశాలలోనైనా మొదటి పాఠం. ఇంటి బల్లమీదనే ఆ పాఠం నేర్చుకొనే అవకాశం పిల్లలకు దొరికినప్పుడు పెద్దలు పక్కన కూర్చుని, ఆ పుస్తకంలోని అంకెలు తామూ చదవడం మంచిది.