కృతజ్ఞతలు ఎవరిక్కావాలి?

వ్యాసం చివర, రెఫరెన్సుల జాబితాకి పైన, చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. మొదటిది జహీరాబాద్ చుట్టుపక్కల గ్రామాల మహిళలకు వారి సహకారానికి కృతజ్ఞతలు చెబుతుంది. రెండోది భాషా సహాయం చేసినందుకు నాకు చెబుతుంది. ఆ మహిళలకు పేర్లు లేవు. నాకు పేరుంది, పేరుకి ముందు డాక్టర్ అని కూడా ఉంది. ఈ తేడాని నిలబెట్టడంలో నా చేతులు ఎంత పని చేశాయో ముందు ఒప్పుకుని, తర్వాతే ఇతరుల మీద కోపం తెచ్చుకుంటాను.

నేను జహీరాబాద్‌లో పుట్టి పెరిగాను. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. గంటల లెక్కన పాఠాలు చెబుతూ, ఎవరైనా పిలిస్తే పరిశోధక బృందాలకి ఇంటర్వ్యూలు రాసిపెట్టి, ఇంగ్లీషులోకి మార్చి ఇస్తూ బతుకుతున్నాను. దళిత స్త్రీని కాను. నేను మాట్లాడిన స్త్రీలు దాదాపు అందరూ దళితులే. మా ఇంటికీ వాళ్ల వాడకీ మధ్య దూరం ఆటోలో పదిహేను నిమిషాలు. ఆ దూరాన్ని నేను ఇంటర్వ్యూల కోసం తప్ప ఎన్నడూ దాటలేదు.

ఒక సంస్థ వాళ్లు ఈ ప్రాంతపు పాత విత్తనాల మీద అధ్యయనం చేశారు. రెండేళ్లు వచ్చి పోయారు. చివరికి ఒక అంతర్జాతీయ సైన్స్ పత్రికకి పంపడానికి వ్యాసం ముసాయిదా తయారైంది. దాన్ని 'ప్రిపేర్' చేసే పని నాకిచ్చారు. అంటే ఏమిటో ఈ పత్రిక చదివే వాళ్లలో చాలామందికి తెలుసు, ఎందుకంటే ఎక్కువగా మనమే చేస్తుంటాం కాబట్టి. పదాల పరిమితికి లోబడి కోయాలి. పరిచయం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు గదుల్లోకి అంతా సర్దాలి. రెఫరెన్సుల్లో కామాలూ చుక్కలూ ఆ పత్రిక కోరిన చోట పెట్టాలి. బొమ్మలు వాళ్లడిగిన సైజులో ఉండాలి. కవర్ లెటర్ రాయాలి. ఇల్లు ఊడ్చినట్టే, చేసినప్పుడు ఎవరికీ కనపడదు, చేయకపోతే అందరికీ కనపడుతుంది.

ఊడుస్తున్నప్పుడే బయటపడ్డాయి కొన్ని సంగతులు.

ఇక్కడి స్త్రీలు యాసంగిలో వేసే కొన్ని పంటల్ని సత్యం పంటలంటారు. నీళ్లు కట్టక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, నేలలోని తడికీ రాత్రి కురిసే మంచుకీ పండుతాయి. అవిసె, కుసుమ, శనగ, తెల్లజొన్న లాంటివి. అబద్ధమాడకుండా పండే పంట అని ఒకామె నాకు వివరించింది. నా అనువాదంలో నేనా మాటని అలాగే ఉంచి, పక్కన అర్థం రాశాను. ముసాయిదాలోకి వచ్చేసరికి అది 'తక్కువ పెట్టుబడి రబీ పంటలు' అయింది. పదాల పరిమితి అన్నారు. మూడు పదాలున్న చోట రెండు పదాల మాటని ఎందుకు కొట్టేయాలో నాకర్థం కాలేదు. అర్థమయ్యాక ఊరుకున్నాను. పంట నిజం చెబుతుందనే ఆలోచన పద్ధతుల్లో పట్టదు, ఫలితాల్లో పట్టదు. అది ఒక సిద్ధాంతం. సిద్ధాంతం చెప్పే హక్కు ఆ వ్యాసంలో వేరే వాళ్లకుంది. ఆ స్త్రీలది సమాచారం మాత్రమే.

ఇంటర్వ్యూల్లో ఆమెలు అనుమానాలు చెప్పారు, ఒకరితో ఒకరు వాదించుకున్నారు, ఏ విత్తనం ఏ నేలకి ఎందుకు పనికిరాదో కారణాలు చెప్పారు. కాగితం మీద అదంతా 'ప్రతివాది 7', 'ప్రతివాది 12' అయింది. ఈత బుట్టలో బూడిద, వేపాకు వేసి, మూతి పేడమట్టితో మెత్తి విత్తనం దాచడం 'సంప్రదాయిక నిల్వ' అయింది. నలభై ఏళ్లుగా ఏటేటా ఎంచి, ఏరి, దాచి, విత్తి చూడడాన్ని ప్రయోగం అనకపోతే ప్రయోగమంటే ఇంకేమిటి?

నేను అభ్యంతరం చెప్పాను. జవాబు వెంటనే వచ్చింది: రచయితగా పేరు పెట్టడానికి నియమాలున్నాయి. ఉన్నాయి, నిజమే. 1978లో వాంకూవర్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు సమావేశమై మొదలుపెట్టిన సంఘం ఈ నియమాల్ని రూపొందించింది. ఇప్పుడు వైద్యానికి బయట కూడా చాలా పత్రికలు వాటినే పాటిస్తున్నాయి. నాలుగు షరతులు. అధ్యయనం ఆలోచనకో, సమాచార సేకరణకో, విశ్లేషణకో గణనీయంగా తోడ్పడాలి. వ్యాసం రాయాలి, లేదా అందులోని మేధోపరమైన విషయాన్ని విమర్శనాత్మకంగా సరిచూడాలి. చివరి ప్రతిని ఆమోదించాలి. వ్యాసానికి జవాబుదారీగా ఉంటానని ఒప్పుకోవాలి. నాలుగోది 2013లో చేర్చారు.

చూడడానికి న్యాయంగానే ఉన్నాయి. కానీ రెండో షరతు దగ్గర ఇంగ్లీషు రాని స్త్రీ ఆగిపోతుంది. ఆమె లోపలికి రాలేదు కాబట్టి మూడో గదిలోకీ రాలేదు, నాలుగో గదిలోకీ రాలేదు. తలుపు మూసింది ఎవరూ కాదు, ఆమెకి చదువు రాదు, అంతే! కులం ఇలాగే పని చేస్తుంది. ఎవరూ ఎవర్నీ గెంటరు. గడప ఎత్తు మాత్రం పెంచి ఉంచుతారు.

మనవాళ్లు చదవకుండా వదిలేసే వాక్యం కూడా ఆ నియమాల్లోనే ఉంది. మొదటి షరతు తీర్చిన వాళ్లందరికీ సరిచూసే, రాసే, ఆమోదించే అవకాశం ఇచ్చి తీరాలట. అవకాశం ఇవ్వకుండా, ఆ కారణం చూపించి పేరు తీసేయడానికి ఈ షరతుల్ని వాడకూడదట. ఇది నా స్త్రీవాదం కాదు, ఆ సంపాదకులే రాసుకున్న మాట. అంటే వ్యాసాన్ని ఆమెకి తెలుగులో చదివి వినిపించడం మన ఔదార్యం కాదు, మనం ఎగ్గొట్టిన బాధ్యత.

కృతజ్ఞతల మూలలోకి ఆడవాళ్లని తోసే అలవాటు జహీరాబాద్‌లో పుట్టలేదు. 1970 నుంచి 1990 దాకా జనాభా జన్యుశాస్త్రానికి సంబంధించిన ఒక సైద్ధాంతిక పత్రికలో వచ్చిన వ్యాసాల్ని కొందరు పరిశోధకులు తిరగేసి, 2019లో ఫలితాలు ప్రచురించారు. 1970లలో రచయితల్లో స్త్రీలు దాదాపు 7 శాతం. కృతజ్ఞతల్లో పేరున్న ప్రోగ్రామర్లలో స్త్రీలు 43 శాతం. లెక్కలు కట్టిన వాళ్లు కింద, లెక్కలు చెప్పుకున్న వాళ్లు పైన. వాళ్లకి కనీసం పేరుపెట్టి కృతజ్ఞత చెప్పారు. మన దగ్గరికి వచ్చేసరికి 'గ్రామాల మహిళలు' అని గుంపుగా చెబుతున్నారు.

సైన్స్‌కి ఆధారాలు కావాలి, కథలు సరిపోవు అంటారు. మా ప్రాంతం ఈ మాట కొత్తగా వినలేదు. 2001 జూన్ చివరి వారంలో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని వేర్వేరు ప్రాంతాల చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువమంది దళితులు, ఆదివాసులు. ప్రభుత్వ 'విజన్ 2020' కోరుకున్న వ్యవసాయం వాళ్ల ముందుకొచ్చింది: భూమి మీద ఆధారపడే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న లెక్క, యంత్రాలు, జన్యుమార్పిడి విత్తనాలు. అధికారుల్నీ, శాస్త్రవేత్తల్నీ, కంపెనీ ప్రతినిధుల్నీ ప్రశ్నించి, వాళ్లు ఆ భవిష్యత్తుని వద్దన్నారు. తమ విత్తనం, తమ భూమి, తమ సాధారణ వనరుల మీద తమ అదుపు కావాలన్నారు. 2002లో నివేదిక అచ్చయ్యాక, రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద ఎత్తున నిధులిస్తున్న బ్రిటన్ సహాయ సంస్థకి చెందిన అధికారులు, నివేదిక వేసిన రెండు బ్రిటిష్ పరిశోధనా సంస్థల పెద్దలకి ఫిర్యాదు చేశారు. తప్పు పట్టింది పద్ధతిని, నిష్పాక్షికతని. తీర్పు నచ్చకపోతే పద్ధతి గుర్తుకొస్తుంది. విజన్ పత్రం ఏ పద్ధతిలో తయారైందో అంత గట్టిగా ఎవరడిగారు?

మరుసటి సంవత్సరం ఇంకో జత. 2003 ఫిబ్రవరిలో 'సైన్స్' పత్రికలో బీటీ పత్తి మీద వ్యాసం వచ్చింది. 2001 నాటి పొలం ప్రయోగాల లెక్కలు, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడుల్లోని 157 పొలాలవి. ఆ ప్రయోగాలు జరిపింది విత్తనం అమ్మే కంపెనీయే. దిగుబడి 80 శాతం ఎక్కువన్నారు. ఆంధ్రప్రదేశ్ ఆ లెక్కల్లో లేదు. ఆ ఏడాదే పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ స్త్రీలు ఇంకొకటి బయటపెట్టారు. 2002లో మొదటిసారి బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల్ని సీజనంతా కెమెరాతో వెంబడించి తీసిన సినిమా అది. రైతులకి కోపం ఎందుకొచ్చిందో ఆ రైతులే చెప్పారు. ఆ స్త్రీలు ఎంచుకున్న రైతులు అందరికీ ప్రతినిధులేనా అని అడగొచ్చు, అడగాలి కూడా. ఆ 157 పొలాల్నీ అదే ప్రశ్న అడగాలి. కానీ మొదటిది శాస్త్రంగా లెక్కకొచ్చింది, రెండోది ప్రచారమన్నారు. కంపెనీ లెక్క 'డేటా', రైతు మాట 'అనుభవం'.

నా మిత్రురాలు, తాను యూనివర్సిటీలో చెబుతుంది, ఈ వాదన విని ఒక ప్రశ్న వేసింది. పేర్లు పెట్టకపోవడం వాళ్ల రక్షణ కోసం కాదా? ఎథిక్స్ కమిటీలు గోప్యత అడుగుతాయి కదా? హింసకి గురైన స్త్రీతో మాట్లాడినప్పుడు పేరు దాచాలి, సందేహం లేదు. విత్తనం గురించి చెప్పిన స్త్రీ పేరు ఎవరి నుంచి దాస్తున్నాం? ఆమె ఊళ్లో ఆమెకి సిగ్గుపడే పనేం లేదు. 2008 నుంచి మాచ్‌నూర్ సంగం రేడియోలో ఇలాంటి స్త్రీలే తమ పేరు చెప్పుకుని మాట్లాడారు. దాచేది ఆమె కోసమో, మన కరికులం వీటా కోసమో ఆమెనే అడిగితే తేలిపోతుంది. మేమడగలేదు. వేలిముద్ర తీసుకున్న అంగీకార పత్రంలో ఆ ప్రశ్నే లేదు.

తెలుగు స్త్రీలకి వేరే దారి తెలియదనడానికీ లేదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో, తమ మాటల్లో అందులో ఉన్నారు. రాసిన వాళ్లు సంఘటన పేరు వెనక నిలబడ్డారు. పేరు ఎవరికి ఉండాలి, ఎవరు వెనక్కి తగ్గాలి అన్నది వాళ్లు తలకిందులు చేశారు. ఆ పుస్తకాన్ని నా పీహెచ్‌డీలో ఎన్నిసార్లు ఉటంకించానో! ఉటంకించడం సులువు.

సరే, మా వ్యాసం. పంపే ముందు ముసాయిదా ప్రింటు తీసుకుని ఊరికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని తెలుగులో చెబుతూ పోయాను. ఆరుగురు వచ్చారు. రెండో పట్టిక దగ్గర, డెబ్బై ఏళ్లుండొచ్చు, ఒక పెద్దమ్మ ఆపింది.

"గిండ్ల పచ్చజొన్న ఏదీ బిడ్డా?"

జొన్నలన్నీ ఒకటే జాతి కింద, సొర్గమ్ బైకలర్ అని, ఒకే వరసలో పెట్టారని చెప్పాను.

"ఒక్కటెట్లయితయి? పచ్చజొన్న వానకాలంది. తెల్లజొన్న యాసంగిది, మంచుకు పండుతది. గిది రాసినోళ్లు యాసంగిల మా చేను దిక్కు రాలేదా?"

రాలేదు. నా రికార్డుల్లో రెండూ వేర్వేరుగా ఉన్నాయి. జాతి పేరు మీద కలిపేశారు. కలపడం వల్ల యాసంగి పంటల వైవిధ్యం తగ్గినట్టు చర్చా భాగంలో ఒక పేరా రాసుకున్నారు కూడా. ఆ పేరా తప్పు. ఇద్దరు ప్రొఫెసర్లు, నేను, ఇంగ్లీషు సరిదిద్దిన ఇంకొకరు చదివి కనిపెట్టలేనిది ఆమె విని కనిపెట్టింది. వ్యాసంలోని మేధోపరమైన విషయాన్ని విమర్శనాత్మకంగా సరిచూడడం అని రెండో షరతులో ఉన్నది ఇదే. ఆమె అక్షరం ముక్క లేకుండా, అరుగు మీద కూర్చుని, వక్కాకు నములుతూ ఆ షరతు తీర్చింది.

(ఇక్కడ కూడా ఆమె పేరు రాయలేదని మీరు అడగొచ్చు. ఈ పత్రికలో వేయనా అని ఆమెనింకా అడగలేదు. మళ్లీ వెళ్లినప్పుడు అడుగుతాను.)

జరిగిందంతా బృందానికి రాశాను. ఆ పెద్దమ్మ పేరూ, అడిగి ఒప్పుకున్న మిగతా వాళ్ల పేర్లూ రచయితల్లో చేర్చమన్నాను, కుదరకపోతే వాళ్ల సంఘం పేరుని సామూహిక రచయితగా వేయమన్నాను. దీనికీ ఏర్పాట్లున్నాయి. ఆస్ట్రేలియాలో యోల్ఙు స్త్రీలు, భూగోళ శాస్త్రజ్ఞులు కలిసి తమ నేలనే, 'బవాకా కంట్రీ'నే, మొదటి రచయితగా పెట్టి 2016లో ఒక పేరున్న పత్రికలో వ్యాసం వేశారు. నేలకి చోటుంటే మనుషులకి ఉండదా?

నాలుగు రోజులకి జవాబొచ్చింది. పట్టికలో తప్పు చూపించినందుకు సంతోషించారు. చర్చలో ఆ పేరా తీసేశారు. నా కృషిని గుర్తించి నన్ను కృతజ్ఞతల నుంచి పైకి తెచ్చి, రచయితల జాబితాలో నాలుగో పేరుగా చేర్చారు. గ్రామాల మహిళలు ఉన్న చోటే ఉన్నారు, వాక్యానికి ముందు 'ప్రత్యేక' అనే మాట మాత్రం కలిసింది.

ఒప్పుకోవాలి, ఆ నాలుగో పేరుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నాకు ముప్ఫై అయిదేళ్లు. పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూల్లో నన్ను అడిగేది పబ్లికేషన్లే. మూడేళ్ల కింద ఇలాంటి ఇంకో వ్యాసంలో, ఇలాంటి ఇంకొందరు స్త్రీల మాటల మీద, ఆరో పేరుగా ఉన్నాను. అప్పుడు ఎవరికీ ఏమీ రాయలేదు.

ఈసారి నా పేరు తీసేయమని రాశాను. ఎందుకో ఒక పేజీ రాసి, సంపాదకుల నియమాల్లోని ఆ వాక్యం కింద గీత గీసి, కవర్ లెటర్‌తో పాటు జతచేయమని పంపాను. రికార్డుల నకళ్లూ, తెలుగు రాతప్రతీ ఆ ఊరి సంఘానికి ఇచ్చి వచ్చాను. ఈ వ్యాసం మీకు పంపేనాటికి అటునుంచి జవాబు రాలేదు.